పదికి లెక్క

నాకు కావాల్సింది ఒక్కటే.
కాజీపేట పార్సిల్ ఆఫీసుల రాత్రి డ్యూటీ దిగి
కోట రాళ్ల మీద తిరిగే గబ్బిలాల మాట
ఒక్కసారన్న చెవులార వినాలని.
అంత సన్నని మాట మన చెవులకు అందదు,
పదోవంతుకు దించితేనే అందుతది.
దానికొక బోర్డు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది.

చర్లపల్లి కంపెనీకి ఫోన్ చేస్తే
"ఎన్ని వేలు సార్?" అన్నడు.
ఒకటి అన్న.
నవ్వలేదు పాపం. ఐదు వందల లోపైతే
మిషన్ ఆపి సర్దే ఖర్చే రాదన్నడు,
నా నంబరు రాసుకున్నట్టు నటించిండు.

చివరికి గీతల ఫైలు సముద్రం దాటింది.
అక్కడ ఐదుకూ పదికీ ఒకటే ధర.
ఒకటి చాలనుకున్న మనిషి పది కొంటడు,
కొసరు కోసం మా నాయన
తూకం పెంచినట్టు.

మొదటి పది వచ్చినయి.
పచ్చగ, నున్నగ, తమలపాకుల కట్ట లెక్క.
మూలకు తెల్లటి తెలుగు అక్షరాల్ల
"గబ్బిలం" అని చూసుకోని ఆ రాత్రి నిద్రపోలే.
తెల్లారి చిప్పు పెడితే ఎడమకాళ్లు కుడిదిక్కు.
అద్దంల చూస్కుంట గీసినట్టు
నేనే తిప్పి గీసిన.
నా తప్పును పదిసార్లు
వెంట్రుకవాసి తేడా లేకుండ చేసి పంపిన్రు.
తప్పు ఇంత అందంగ ఉంటదని అప్పుడే తెలిసింది.

రెండోసారి పది. దసరా బోనస్ అటే పోయింది.
ఇగ అతకాలె.
ఆవగింజల సగం ఉండే రెసిస్టర్లు,
నా చేతికి వణుకు, కండ్లకు నలభై ఆరేండ్లు.
తుమ్మితే మూడు పోయినయి,
పరుపు సందుల దొరకలే.

రంగశాయిపేటల కొమురవ్వ ఇంటికి పోయిన.
కోరుట్లల ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన చెయ్యి.
ఇప్పుడు ఆకు వారానికి రెండు రోజులే ఇస్తున్నరు.
ఒళ్లె చాట, చాటల బోర్డు.
సన్నని స్టీలు రేకు చూపించి
ఈ కంతలల్లకెళ్లి టంకం ముద్ద దిగుతదవ్వా అంటే
"ఎరుకే బిడ్డా,
తునికాకు కత్తిరిచ్చే రేకసొంటిదే గద" అన్నది.

"వెయ్యికెంత ఇస్తరు?"
పదే ఉన్నయవ్వా.
"పది వేలా?"
కాదు. పది.
చాట పక్కకు పెట్టి నవ్వింది,
పొగాకు దగ్గు వచ్చేదాక నవ్వింది.
"పదికి లెక్క ఎట్ల గడ్తరు బిడ్డా,
పదంటే నా చేతి ఏళ్లే గద."

చిమటా ఒద్దన్నది.
బీడీ మూతి మలిచే ఇనుపపుల్ల కొసకు
ఇంత తడి అద్ది
ఒక్కొక్కటే ఎత్తి పెట్టింది.

రొట్టెల పెంక మీద బోర్డు, కింద సన్నని మంట.
బూడిదరంగు ముద్ద కొంచెంసేపు ఏమీ అనలే.
తర్వాత ఒక్కసారి వెండి.
వంకరగ ఉన్నవి తమంత తామే
జరుగుకుంట సర్దుకుంటుంటే
"అగో, పిల్లలు బంతిల కూసున్నట్టు" అని
కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది.

పదిట్ల ఏడు బతికినయి.

గబ్బిలాల దాక ఇంకా పోనేలేదు.
బ్యాటరీ తగిలించి, చూద్దామని
ఒకటి చాటల పెట్టిన.
అలవాటు కొద్ది ఆమె రెండేళ్ల నడుమ
తునికాకు ముక్క రుద్దింది.
బోర్డు గరగరమన్నది.
ఆమె ఆపితే అది ఆపింది.
ఆకు పడేసి వట్టి ఏళ్లు రుద్దింది.
ఎండిన మక్కచేను మీద వాన పడ్డట్టు మోత.
చేతులు తిప్పి తిప్పి చూసుకున్నది.
"ఇన్నేండ్లు ఇవి ఇంత మొత్తుకున్నయా,
నాకు ఇనబడనే లేదు."

కూలి ఎంతో ఇంకా తేలలే.
వెయ్యి లెక్కన కడితే రెండున్నర రూపాయలు,
నా లెక్కన కడితే ఆమె ఒప్పుకోదు.
చచ్చిన మూడింటిని జేబుల వేసుకున్న.
ఎల్లుండి అమాస. మన్మణ్ని తోలుకోని
కోటకు వస్తనన్నది.
"ఏడున్నయి గద,
ఇంకెవర్నన్న పిలువాల్నా?" అని
గడప దాక వచ్చి అడిగింది.