బడును

రావులపాలెం సెంటర్లో సగం బోర్డులు
నా చేతివే.
పంచర్లు వేయబడును. జాకెట్లు కుట్టబడును.
కొబ్బరి దింపు తీయబడును.
అక్షరానికి ఇంతని తీసుకుంటాను.
బడును మీద మూడక్షరాల కూలి
ఊరికే కలిసొస్తుంది.

ఇంటర్లో ఇంగ్లీషు మాస్టారు చెప్పారు,
పాసివ్ వాయిస్‌లో కర్తని చివరికి నెట్టొచ్చు,
అక్కర్లేదనుకుంటే తీసేయొచ్చు అని.
అందుకేనేమో నా బోర్డుల్లో
టైరు ముందు ఎవరూ గొంతుక్కూర్చోరు.
చెట్టెక్కి రొమ్ము గీరుకుపోయినవాడు ఉండడు,
గెలలే మర్యాదగా దిగివస్తాయి.

మొన్న లాకుల దగ్గర రాయించారు:
"కాలువకు నీరు నిలుపుదల చేయబడినది."
రంగు ఆరకముందే ఓ రైతు సైకిలాపి
"ఎవరండీ ఆపిందీ?" అన్నాడు.
నా చేతిలో కుంచె ఉంది.
వాక్యమంతా వెతికాను,
ఎవరూ లేరు.

ఆత్రేయపురంలో గంగారత్నం ఒప్పుకోలేదు.
రేకు చిన్నది, మాట పట్టక
పూతరేకులు అమ్మ
అని పైన రాసి,
బడును కిందకి దించాను.
"అమ్మ దాకా బానే ఉంది నాయనా,
ఆ కిందదెవరు?
పొద్దుట్నుంచీ ఈ కుండ సెగకి
చెయ్యి కాల్చుకుంటున్నది నేనా, అదా?"

కిరసనాయిలు గుడ్డతో తుడిచాను.
"నేనే చేస్తానండి, ఆయ్" అని రాయమంది.
ఆరక్షరాలకి లెక్కగట్టాను,
ఆయ్‌కి తీసుకోలేదు.

మా కొట్టు మీద మాత్రం
ఇంకా అదే ఉంది:
బోర్డులు వ్రాయబడును.