బోణీ

లింగిచెట్టి వీధిలో, మెట్ల కింద
మూడడుగుల కొట్టు నాది.
నిలబడితే మెట్టు నెత్తికి తగులుతుంది.
అందుకే పదహారేళ్లుగా
కూర్చునే బతుకుతున్నాను.

రబ్బరు స్టాంపులు చేస్తాను.
మద్రాసులో సీలు అంటారు.
ఏ పేరైనా నాకు ముందు తిరగబడే కనిపిస్తుంది,
అద్దంలో పక్క మారిన పాపిటలా.
ఎల్కేజీలో మా చిన్నది
'బి'ని 'డి'లా తిప్పి రాస్తోందని
టీచరమ్మ నన్ను పిలిపించింది.
నోటుబుక్కు చూశాను.
తప్పెక్కడుందో
వెంటనే తెలియలేదు.

తుపాను నీళ్లు మొలలోతు వచ్చిన ఏడు
ఇంకు సీసాలన్నీ బోర్లాపడి
కొట్టు ముందు వీధి ఊదారంగులో పారింది.
చూసి నవ్వొచ్చింది.
తర్వాత చాన్నాళ్లు రాలేదు.

ఆ పైన సంతకాలు ఫోనులోకి వెళ్లిపోయాయి.
ఓటీపీ వస్తుంది, పని అయిపోతుంది,
ముద్రతో ఎవరికి పని?
మిషను కిస్తీ ఒక్కటే
ఐదో తారీఖున ఠంచనుగా వచ్చి
నా పాసుబుక్కు మీద ముద్ర కొట్టి పోతుంది.

పోయిన నెల, ఎదురు వరస కాగితాల కొట్టు
జంబులింగం గారు వచ్చారు.
సంచి బల్లమీద బోర్లించారు.
పదకొండు సీళ్లు. అన్నీ నా చేతివే.
'పెయిడ్', 'గూడ్స్ రిసీవ్డ్',
పాత అడ్రసుది, కొత్త అడ్రసుది,
కొడుకు పేరు కలిపాక చేయించింది.
"పిడులైనా పనికొస్తాయేమోనమ్మా."
టీ తెప్పించాను. చల్లారిపోయింది.
టేకు పిడులు. ఒక్కోటీ నలభై చేస్తుంది.
ఊడబీకడానికి చెయ్యి రాలేదు.
డ్రాయరు లాగినప్పుడల్లా
లోపల దొర్లుతుంటాయి.

మా అన్న రోజూ ఫోనులో ధైర్యం పంపుతాడు.
కొండ, సూర్యోదయం, రెక్కలు చాచిన గద్ద.
గద్దకి అద్దె లేదు, అన్నయ్యా.

నాకు తెలిసిందల్లా
తొమ్మిదింటికి షట్టరు ఎత్తడం.
అది సగంలో ఇరుక్కుంటుంది,
మోకాలితో ఒక పోటు పొడవాలి.
కొన్ని రోజులు
ఆ పోటు ఒక్కటే నేను చేసిన పని.

నిన్న మంగళవారం.
అయిదు దాటినా బోణీ లేదు.
అగరువత్తి ఎప్పుడో బూడిదైంది.
ఈగలు తోలుకుందామంటే ఈగలూ లేవు.

అప్పుడొచ్చాడు,
చేతులకి గ్రీజు, కాలికి తెగిన చెప్పు.
నా తెలుగు వినగానే మొహం విప్పారింది.
పైడిరాజట, సోంపేట వైపు.
కాసిమేడులో పడవ ఇంజన్ల రిపేరు కొట్టు
సొంతంగా పెడుతున్నాడట.
బిల్లు పుస్తకం ఉంది, సీలు లేదు.
"డబ్బులు శుక్రవారం ఇస్తానక్కా,
బోట్లు తిరిగొచ్చాక."

బోణీ అరువా!
అదీ దీపాలవేళ, మంగళవారం పూట!
మా అమ్మ ఉంటే చీపురు తీసేది.
'లేదు' నా నాలిక మీద సిద్ధంగానే ఉంది,
తిరగేసిన అక్షరాల్లో.

"జేబులో ఎంతుంది?"
బస్సుకి పోను రెండు రూపాయలు.
అవే తీసుకుని కళ్లకద్దుకున్నాను.

జాలి కాదు.
ఈ మధ్య ఈ వీధిలో
మూసేవాళ్లనే చూస్తున్నాను.
తెరిచేవాడి మొహం ఎలా ఉంటుందో
మరిచిపోయాను, అంతే.

పిడికోసం డ్రాయరు లాగాను.
'గూడ్స్ రిసీవ్డ్' చేతికి దొరికింది.
పాత రబ్బరు ఊడేటప్పుడు
పుండు మీది పట్టీ లాగినట్టు చప్పుడైంది.

కాగితం ఇచ్చినా వినకుండా
మొదటి ముద్ర అరచేతిలో కొట్టుకున్నాడు.
తన పేరు తనే రెండుసార్లు చదివాడు.
చెమటకి చెదిరిపోతుందని చెప్పబోయి
ఊరుకున్నాను.

శుక్రవారం వస్తాడో రాడో.
కిస్తీ మాత్రం ఐదునే.

ఇవాళ బుధవారం.
షట్టరు మళ్లీ ఇరుక్కుంది, పొడిచాను.
పదిన్నరైంది, బోణీ ఇంకా కాలేదు.
డ్రాయరు లాగితే
మిగిలిన పది పిడుల మధ్య
రెండు రూపాయలు
గలగలమంటూ దొర్లుతున్నాయి.