కనబడలేదు

మొదటి వారమంతా నాకు
ప్రతిదీ గుడ్డులాగే కనిపించింది.
గాలిబుడగ గుడ్డు. పుప్పొడి రేణువు గుడ్డు.
ఎవరి చొక్కాదో ఒక నూలుపోగు
మెలికలు తిరిగి పడుంటే
పురుగు పురుగని కేకేశాను.
పెండా జావ్ లేచి రాలేదు.
కూర్చున్న చోటినుంచే అడిగింది:
"దానికి పొట్ట ఉందా?
లేకపోతే అది బట్ట."

రిషార్-తోల్‌లో, సెనెగల్ నది కాలువ పక్కన,
రేకుల కప్పు కింద మా లాబ్.
కరెంటు పోతే
మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వైపు తిప్పి
సూర్యుణ్ణి అరువు తెచ్చుకుంటాం.
చుట్టూ చెరుకు. గాలంతా తియ్యగా ఉంటుంది,
మా గదిలో తప్ప.

పది దాటాక, రెండు లోపు:
గుడ్లు బయటపడే వేళ అది.
బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి
పెండా చప్పట్లు కొడుతుంది.
గోలుకంబం దాకా పరుగెత్తి రండి, మళ్లీ, ఇంకోసారి.
కదిలితే అడుగున ఉన్నవి తేలతాయట.
పిల్లలకి అదొక పందెం.
గెలిచినవాడు సీసా నింపుకొచ్చి
దీపంలా పైకెత్తి చూపిస్తాడు.
ఎర్రగా ఉంటే ఇంకా గర్వం.
వాళ్ల లెక్కలో
ఎర్రగా పోస్తేనే పెద్దవాడైనట్టు.

పది మిల్లీలీటర్లు సిరంజిలోకి.
వడపోత పొర మీంచి మెల్లగా తొయ్యాలి,
కోపంగా తోస్తే చిరుగుతుంది.

నిజంగా చూసిన రోజు
నేను కేకెయ్యలేదు.
అయొడిన్ చుక్క ఇంకా వెయ్యలేదు.
పసుపు వెలుగులో కోలగా ఒక గింజ,
ఒక కొనన ముల్లు,
లోపల ముడుచుకుని ఏదో అల్లల్లాడుతోంది.
ఆ ముల్లుతోనే ఒక పిల్లాడి లోపలి గోడల్ని
గీరుకుంటూ వచ్చింది ఇంత దూరం.
భయం వెయ్యలేదు, సిగ్గేసింది:
అంత అందంగా ఉంది.
పెండాకి చెప్పాను.
"అందంగానే ఉంటుంది," అంది.
"లెక్కపెట్టు."

ఎనభై మూడు.
పేరు యోరో సో. వయసు తొమ్మిది.

పరాన్నజీవి అంటారు దీన్ని.
పెట్టినవాడికి తెలియకుండా తినే నోరు.
మనిషిని మాత్రం అతిథేయి అంటారు,
తనే తలుపు తీసి
విస్తరి వేసి పిలిచినట్టు.

కానీ కష్టం గుడ్లు ఉన్నచోట కాదు,
లేనిచోట.
న్గోనే అనే అమ్మాయిది,
ఈ మూలనుంచి ఆ మూలకి
నాగలి చాలు తోలినట్టు వెతికాను.
ఏమీ లేదు.
రిజిస్టర్లో "లేదు" అని రాశాను.
పెండా కొట్టేసింది.
ఆమె కొట్టేస్తే
కాగితం అవతలివైపూ తెలుస్తుంది.
"కనబడలేదు అని రాయి.
లేదనడానికి నువ్వెవరు?
నువ్వు చూసింది మూడు చెంచాలు కూడా లేదు.
ఆ పిల్ల రోజూ మోకాళ్ల లోతు కాలువలో
నిలబడి గుడ్డలుతుకుతుంది."

మర్నాడు మళ్లీ రమ్మన్నాం.
కనబడలేదు.
మూడోరోజు, లాబ్ మూసేముందు,
అంచున, ఒక బుడగ నీడలో,
ఒకటి.
ఒక్కటే.
ఎగిరి గంతేసినంత పనిచేశాను.
తర్వాత చాలాసేపు
కడిగిన చేతులే కడుక్కున్నాను.

మందు పంచేరోజు
గీతలు గీసిన కర్ర నిలబెట్టారు.
ఎత్తును బట్టి మాత్రలు.
యోరో మునివేళ్ల మీద లేచాడు,
అన్నలాగా వాడికీ మూడు కావాలట.
పెండా భుజం నొక్కి నేలకి దించింది:
రెండున్నర.
చేదుకి ముఖమంతా ముడిచి మింగి,
చొక్కా విప్పి గాల్లో తిప్పుతూ
తోటివాళ్ల వెనకాల పరుగు.
కాసేపటికి కిటికీలోంచి వినబడింది,
కాలువలో దూకిన చప్పుడు.

నేను పెండా వైపు చూశాను.
ఆమె తలెత్తలేదు.
వచ్చే ఏడాది రిజిస్టరుకి గీతలు గీస్తోంది,
స్కేలు లేకుండా, తిన్నగా.
మొదటి వరసలో అప్పుడే రాసేసింది:
యోరో సో. పది.