మారెన్న బాకీ

అనంతపురం. యూనివర్సిటీ గేటుకెదురుగా
రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్సు మిషను, ఒక నీళ్ళ కూజా.
పక్కీరప్ప డీటీపీ అంటే ఎవరైనా చెప్తారు.
పదో తరగతి తప్పినవాణ్ణి.
నేను కొట్టిన పుస్తకాలకు పద్నాలుగు డాక్టరేట్లొచ్చినాయి.

కండ్లు మరచిపోతాయి గానీ వేళ్ళు మరచిపోవు.
"మా ఊరికి కరువు చుట్టపుచూపుగా రాదు,
దానికి రేషను కార్డులో పేరుండాది."
ఈ మాట దగ్గరికొచ్చేసరికి
నా చిటికెన వేలు ముందే లేస్తుంది,
దారి తెలిసిన ఎద్దు ఇంటి మలుపు తిరిగినట్టు.

తిప్పేస్వామి గ్రంథంలో కొట్టినాను.
నాలుగేండ్లకు గుంతకల్లు ఆయన గ్రంథంలో కొట్టినాను.
ఆ తర్వాత ఒక మేడం గ్రంథంలో.
మొదటిసారి కొట్టేటప్పుడు, కరెంటు పోయే తొందరలో,
వేరుశెనగలో 'న' మింగినాను.
ముగ్గురు డాక్టర్లూ 'వేరుశెగ' అనే మింగినారు.
ఒక్కరికీ గొంతు పట్టలేదు.

నిజం చెప్పాల కదా. అమ్మింది నేనే.
"అన్నా, తొలి అధ్యాయం పాతదేదన్నా ఉంటే చూడన్నా"
అంటే పెన్‌డ్రైవులో వేసిచ్చినాను, పేజీకి ఐదు రూపాయలు.

అను ఫాంటు ఉన్నన్నాళ్ళూ భయం లేదు.
దొంగను పట్టే యంత్రానికి తెలుగు చదవను రాదు.
యూనికోడొచ్చి దానికి కండ్లు తెరిపించింది.
అప్పుడు ఇంకో బేరం:
"కరువు తీసి క్షామం పెట్టన్నా,
వాన తీసి వర్షం పెట్టు, శాతం దిగుతుంది."
పెట్టినాను. దిగింది.
క్షామమంటే మాత్రం ఆ చేను తడిసిందా?

మొన్న వన్నూరమ్మ వచ్చింది, రాయదుర్గం దిక్కు పిల్ల.
చేతిరాత నోటుబుక్కు. ప్రతి పేజీ అడుగున ఒక గీత,
గీత కింద మనుషులు:
హనుమక్క, కూలి, శెనక్కాయలు ఒలుస్తా చెప్పింది.
బోరుబండి ఎర్రిస్వామి, టీ అంగడి దగ్గర, మంగళవారం.

"ఇంతింత చిన్నక్షరాలు నాకు గిట్టవమ్మా.
పేరు రాయకపోతే హనుమక్క కేసు పెడుతుందా ఏంది?"
"కేసు పెట్టదన్నా. అందుకే పేరు పెట్టాల."

టైపు చేస్తా పోతున్నాను.
ముప్పై నాలుగో పేజీలో
చిటికెన వేలు లేచింది.
అదే మాట. గీత కింద, నిజాయితీగా:
తిప్పేస్వామి, పుట ముప్పై ఒకటి.

"ఇది ఆయనది కాదు పాపా."
"నేను చూసింది అక్కడే అన్నా. మరెవరిది?"

ఫైలు తెరిచినా. ముందు పేజీ లేదు.
అమ్మేటప్పుడు నేనే కోసేసినా, పేరుంటే బేరం పోతుందని.
అటక మీది నుంచి బాకీ పుస్తకం దించినా.
రెండువేల మూడు. అంచులు ఎలుకలు కొరికినాయి.
నా చేతిరాతే:
మారెన్న, బెళుగుప్ప. ఎంఫిల్.
నలభై ఒక్క పేజీలు. ఇచ్చింది నలభై ఐదు. బాకీ నూట అరవై.

ఆ మనిషి మళ్ళీ రాలేదు.
ఫీజు కట్టలేక మానేసినాడని ఒకరన్నారు.
నేను మాత్రం నూట అరవై ఎగ్గొట్టినాడని
కనపడినోళ్ళందరికీ చెప్తా వచ్చినాను.

వన్నూరమ్మ తిప్పేస్వామిని కొట్టేయలేదు.
ఆయన పేరుకు ముందు ఇంకో వరస రాయించింది:
మారెన్న, బెళుగుప్ప, అచ్చుకానిది.
ఆధారం, పక్కీరప్ప బాకీ పుస్తకం, పుట ఎనభై ఎనిమిది.
పోతా పోతా వేరుశెనగలో 'న' పెట్టించి పోయింది.

షట్టరు సగం దించి కూర్చున్నాను.
పేజీకి ఐదు. నలభై ఒక్క పేజీలు. ఎంతమందికి?
తిప్పేస్వామి, గుంతకల్లాయన, మేడం,
పేరడగకుండా ఇచ్చినోళ్ళు ఇంకెందరో.
మారెన్న వరసలో ఎడమ పక్క
జమ అని ఒక గడి, ఇరవై రెండేండ్లుగా ఖాళీ.
నెంబరు తెలిసినోళ్ళు బెళుగుప్పలో ఎవరన్నా ఉంటారా అని
రేపు పొద్దున బస్సుకు పోవాలనుకుంటున్నాను.
పోతానో లేదో.
వేళ్ళు మాత్రం బల్ల మీద
ఆ మాటనే కొడతా ఉండాయి.