ఏడుగురిలో నలుగురు

ఖజానాకు ఏడు తాళంచెవులు.
నాలుగు తిరిగితేనే తలుపు కదులుతుంది.
వడ్డీ పావు శాతం మార్చాలన్నా,
ఎవడో కన్నం వేస్తుంటే అప్పులివ్వడం ఆపాలన్నా
నలుగురి చేవ్రాలు పడాల్సిందే.

బుసాన్‌లో గ్యుహో, బొగోటాలో యెసేనియా,
ఎల్డొరెట్‌లో చెప్‌కోరిర్.
ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.
ఎవరు ఏ వేళకి సంతకం పెడతారో మాత్రం
పక్కగదిలో దగ్గు గుర్తుపట్టినట్టు తెలుసు.

రైవో ఒక్కడే నా ఊరివాడు. టార్టులో
రొట్టెల బట్టీలో రాత్రిపని.
తెల్లవారుజామున మూడున్నరకి
మొదటి వాయ లోపలికి తోసి,
పిండి చేతులు తుడుచుకుని,
ఆ బుల్లి తెర మీది చిరునామాని
ఒక్కో అక్షరం పైకి చదివేవాడు.
"మొదటి నాలుగూ చివరి నాలుగూ చూస్తే చాలదూ?" అన్నానొకసారి.
"దొంగ కూడా అంతే అనుకుంటాడు" అన్నాడు.
ఆ మార్చిలో
నడిమి అక్షరాలు వేరని పట్టింది అతనే.
అప్పటికే మూడు సంతకాలు పడిపోయాయి.
వాటిలో ఒకటి నాది.

నవంబరులో పోయాడు. గుండె.
వాళ్లక్క లీవి ఫోన్ చేసింది:
"సొరుగులో బొత్తాం ఉన్న వస్తువేదో ఉంది,
సందుల్లో పిండి ఎండిపోయి. కారు తాళమా?"
పిన్ ఎవరికీ చెప్పలేదు రైవో.
చెప్పకూడదన్న నియమం రాసిందీ అతనే.

ప్రతిపాదన రెండు వందల పద్దెనిమిది:
సంతకందారుల జాబితా నుంచి ఒక చిరునామా తొలగింపు.
'కారణం' అన్న గడిలో
యెసేనియా ఒక చుక్క పెట్టి ఊరుకుంది.

తను పెట్టింది. గ్యుహో పెట్టాడు.
చెప్‌కోరిర్ రెండు రోజులు నాన్చి పెట్టింది.
నాలుగోది నేను.

మూడున్నరకి అలారం పెట్టుకుని లేచాను.
కిటికీకి మంచు పట్టింది.
వంటింట్లో చెప్పుల్లేకుండా నిలబడి
అతని చిరునామా పైకి చదివాను,
అంకెలూ అక్షరాలూ కలిసి నలభై.
నడిమి భాగం రెండోసారి కూడా,
ఎక్కడైనా తప్పు దొరకకపోతుందా అని.

అంతా సరిగ్గానే ఉంది.

బొత్తాం నొక్కాను.
అమలుకి ఇంకా నలభై ఎనిమిది గంటల గడువు,
ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికి.
అదీ రైవో పట్టుబట్టి పెట్టించిందే.
"కోపంలో చేసిన పని
నిద్రలేచాక ఒకసారి చూసుకోవాలి కదా."

ఆ రెండు రోజులూ అతనింకా ఏడోవాడే.
రెండో రోజు పనికి పోతూ
చుట్టుదారైనా బట్టీ ముందు నుంచి నడిచాను.
కొత్త కుర్రాడెవడో ట్రేలు దించుతున్నాడు.

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.