ఇదలీనా కొట్టులో

ముందు ఆ ఎర్రదాన్ని కింద పెట్టు నాయనా.
మెరుపుకి మురిసేది మనుషులే,
చేపకి దాని రంగుతో పనేమిటి?

ఇది పట్టుకో.
చివర నేను పట్టుకుంటా, నువ్వు ఎత్తు.
మూరెడు వంగి అక్కడే ఆగిపోయిందా? వద్దు.
వంపు నడుము దాకా దిగాలి,
దిగి, నీ మణికట్టుకి కబురు చెప్పాలి.
పెనీషె రాళ్ల మీంచి విసిరేవాడివి,
నాలుగు మీటర్లకి తగ్గితే
అల నిన్ను చూసి నవ్వుతుంది.

రీలా?
దాన్ని కంటితో కాదు, చెవితో కొనాలి.
తిప్పు. మెల్లగా. రేడియో కట్టేస్తానుండు.
ఆ, విన్నావా, ఇసుక నమిలినట్టు కరకర?
పక్కన పడెయ్.
ఇప్పుడు దీని బ్రేకు బిగించి దారం లాగు.
ఉలిక్కిపడి వదిలెయ్యకూడదు,
మొండికేసి తెంపుకోకూడదు,
చేపల బజారులో మా అత్త ఫిలొమెనా బేరంలా
సణుగుతూ సణుగుతూ
కొంచెం కొంచెమే ఇవ్వాలి.

డబ్బు చాలకపోతే కర్రలో తగ్గించుకో,
రీలులో మాత్రం కాదు.
కర్ర విరిగితే ఫట్మని చెప్పి విరుగుతుంది.
రీలు అలా కాదు,
ఉప్పు మింగి లోలోపలే చచ్చి
సరిగ్గా ఆ రోజు
ఆ ఒక్క చేపకి
బిగుసుకుపోతుంది.

నాకెలా తెలుసంటావా?
పంతొమ్మిదేళ్లుగా ఆ చేపని తూస్తూనే ఉన్నా,
ఏడాదికో కిలో పెరుగుతోంది.

సరే, ఎనభై ఇచ్చెయ్, చిల్లర వదిలేశా.
తలుపు దగ్గర జాగ్రత్త,
పైన గంటకి కర్ర తగులుతుంది.

ఓయ్!
గాలాలెవరు కొంటారు, మీ తాతా?