బాత్రూంలో జారిపడ్డాను

నిజంగానే జారిపడ్డాను.
సబ్బు నురగ మీద కాలు, తొట్టి అంచుకి చెంప.
పడ్డ చప్పుడు నాకు వినపడలేదు,
లోపలెక్కడో అప్పడం విరిగినట్టు మాత్రం తెలిసింది.

సంగడిగుంట నుంచి పెద్దాసుపత్రి దాకా
ఆటో దిగిన ప్రతి గుంతా
నా పళ్ళ మధ్య నుంచే వెళ్ళింది.

అందరూ అడిగారు.
పక్క వాటా షంషాద్, ఆటో కుర్రాడు,
చీటీలు రాసే కిటికీ వెనక కళ్ళజోడు.
"ఎవరు కొట్టారు మామ్మా?"
గొంతు తగ్గించి, మా ఆయనకి వినపడకుండా.

ఆయనకి డెబ్బై తొమ్మిది.
కుడిచెయ్యి వణుకు, టీ సగం గ్లాసే పొయ్యాలి.
నా చెప్పులు రెండూ సంచిలో పెట్టుకుని
బయట బల్ల మీద కూచున్నాడు.

నాకు నవ్వొచ్చింది.
నవ్వితే ప్రాణం పోయినంత పనైంది.

డాక్టరమ్మ పేరు ఇవాంజలిన్, మా మనవరాలి ఈడు.
వెలుగు పలక మీద నా పుర్రెని నిలబెట్టి
పెన్నుతో చూపించింది.
"చెంప ఎముక మామ్మా, మూడు చోట్ల.
ఈ వయసుకి ఎముక గుల్లబారుద్ది,
చిన్న దెబ్బకే..."
ఆగింది. పెన్ను ముక్కు మీదకి జరిగింది.
"ఇది మాత్రం పాతది.
ఎవరూ సరిచెయ్యకుండా వంకరగానే అతుక్కుంది.
ఎప్పటిదిది?"

ఎప్పటిది.
పొగాకు గ్రేడింగుకి పోయే రోజులది.
చీర నిండా ఆకు ఘాటు,
వారం కూలి కొంగు ముడిలో.
ఆ ముడి విప్పనన్నందుకు.

తెల్లారి కంపెనీకి పోయాను, పోకపోతే కూలి లేదు.
షెడ్డులో అరవై మంది ఆడాళ్ళం.
ఈనె విరిగిన ఆకుని
చూడక్కర్లేదు, వేలు తగిలితే చాలు, పక్కన పడేసేవాళ్ళం.
ఆ పూట ఒక్కరూ తలెత్తలేదు.
మేస్త్రీ ఒక్కడే అడిగాడు, "ఏందే నాంచారీ?"
బాత్రూంలో జారిపడ్డానన్నాను.

అప్పటికి మా ఇంటికి బాత్రూమే లేదు.
మేస్త్రీకీ తెలుసు.

ఇప్పుడుంది.
చీటీ పాడిన డబ్బుతో నేనే కట్టించాను,
నీలం టైల్స్, నేనే ఏరాను.
నలభై నాలుగేళ్ళ నాటి నా అబద్ధం
ఇన్నాళ్ళకి నిజమైతే
నమ్మే మనిషి లేదు గుంటూరులో.

డాక్టరమ్మ పెన్ను ఇంకా గాల్లోనే ఉంది.
"కొత్తదాని పక్కన జారిపడ్డానని రాయి తల్లీ, ఒట్టు.
పాతదాని పక్కన
శనివారం అని రాయి."
"శనివారమా?"
"కూలి ఇచ్చే రోజు."
నా ముఖంలోకి కాసేపు చూసింది.
రాసుకుంది.

ఆరు వారాలు నమిలేది ఏదీ వద్దన్నారు.
జావ ఆయనే కాస్తాడు,
ఉప్పు ఒకరోజు రెండుసార్లు పడుద్ది, ఒకరోజు అసలు పడదు.
చెంచా నా నోటి దాకా వచ్చేసరికి సగమే మిగులుద్ది.

నిన్న గడ్డం మీద ఒలికింది.
తుడుద్దామని చెయ్యెత్తాడు.

నా తల
దానంతటదే పక్కకి తిరిగింది.

ఆయన చూశాడు.
తువ్వాలు నా ఒళ్ళో పెట్టి
చాలాసేపు గిన్నె కడుగుతూ ఉండిపోయాడు.